ఒక్కో స్పూను ఫ్రెంచ్ భోజనం

పత్తర్‌గట్టిలో మూడు తరాలుగా జరీ అంచులు, లేసులు టోకున అమ్ముతున్న మా ఇంటి పరువును ఒకే ఒక్క మధ్యాహ్నంలో నేను గంగలో కలిపాను. మాకు దగ్గర్లో ఉన్నది మూసీయే కాబట్టి మూసీలో కలిపానని మీరు అనుకున్నా నాకు అభ్యంతరం లేదు. పైగా ఆ పని ఖాళీ కడుపుతో, ఒడిలో రుమాలు పరుచుకుని, ఎడమ చేత్తో ముళ్ల చెంచా పట్టుకుని మరీ చేశాను. ఎలా చేశానో చెబుతాను. మీ ఇష్టం వచ్చినంత నవ్వుకోండి, కానీ మా అమ్మ కనిపిస్తే మాత్రం ఈ ఊసు ఎత్తకండి. ఆవిడ మొదలుపెడితే ఒక పట్టాన ఆపదు.

ముందు నా జబ్బు సంగతి చెప్పాలి. ఏది కనిపించినా అది ఎట్లా జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో తెలుసుకునేదాకా నాకు నిద్ర పట్టదు. అది మంచి గుణమే కదా అంటారా? తెలుసుకోవడం పూర్తయ్యేదాకా ఆగగలిగితే మంచి గుణమే. నేను సగం తెలియగానే మిగతా సగం ఊహించేసి, మొత్తం కలిపి పక్కవాళ్లకు పాఠం చెప్పడం మొదలుపెడతాను. ఫ్రిజ్ లోపల చల్లదనం ఎక్కడినుంచి వస్తుందో అమ్మకు వివరంగా చెప్పి, చెప్పినంతసేపూ దాని తలుపు బార్లా తెరిచి ఉంచి, చుట్టాల కోసం తెచ్చిన ఐస్‌క్రీమును పాయసం చేసిన ఘనుణ్ణి.

ఇక ఇర్ఫాన్. మొఘల్‌పురా కుర్రాడు, బళ్లో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. వాడు ఎనిమిదేళ్లు పాండిచ్చేరిలో ఒక ఫ్రెంచ్ హోటల్ వంటింట్లో పనిచేసి, తిరిగొచ్చి, మొఘల్‌పురా గల్లీలో తన మేనమామ ఇంటి ముందుగదిలో ఆరు బల్లలు వేసి సొంతంగా ఫ్రెంచ్ భోజనం మొదలుపెట్టాడు. గల్లీవాళ్లు దాన్ని ఫ్రాన్సీసీ హోటల్ అన్నారు. ధరలు మామూలువాళ్లకు అందేట్టు పెట్టాడు. కాలేజీ పిల్లలు, నయాపూల్ కోర్టు నుంచి వకీళ్ల గుమాస్తాలు, మిషన్ కుట్టే దర్జీలు కూడా వచ్చి తినేవారు. అంతా బాగానే సాగుతుండగా మేనమామ కొడుక్కి పెళ్లి కుదిరింది. కొత్త జంటకు ఆ గది కావాలి, నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నారు.

మా దుకాణం పైన ఒక అంతస్తు ఉంది. అప్పటికి దాన్ని ఖాళీ అట్టపెట్టెలూ పావురాలూ పంచుకుని అనుభవిస్తున్నాయి. ఇర్ఫాన్ కన్ను దానిమీద పడింది. బాపును అడిగాడు. బాపు, అంటే మా నాన్న, ఎప్పటిలాగే మొహంలో ఏమీ కనిపించనీయకుండా, "నువ్వు ఏం వండుతవో ముందు తిని చూస్త. తర్వాత మాట్లాడుదం" అన్నాడు.

ఆ సాయంత్రం ఇర్ఫాన్ దుకాణానికొచ్చి నన్ను పక్కకు పిలిచాడు.

"భాయ్, చాచా ఒప్పుకుంటడా?"

"తిని చూస్త అన్నడు గద. అంటే సగం ఒప్పుకున్నట్టే."

"నచ్చకపోతే? ఇంకెక్కడ అడిగినా కిరాయ నాకు అందేటట్టు లేదు. రేట్లు పెంచితే ఈ పిల్లలు, గుమాస్తాలు రారు. దుకాన్ బంద్ చేసుకొని మళ్ల పాండిచ్చేరి పోవుడే. ఎవరిదో వంటింట్ల ఉల్లిగడ్డలు తర్గుడే."

"నువ్వేం ఫికర్ చెయ్యకు. బాపును నాకు ఇడిచిపెట్టు."

నా జీవితంలో నేను అన్న మాటల్లో అంత ప్రమాదకరమైనది ఇంకొకటి లేదు. వాడు నమ్మాడు. పాపం, బెంచీ మీద పక్కన కూర్చున్న రోజుల్లో కూడా నా లెక్కలు చూసి రాసి తప్పినవాడే, బుద్ధి రాలేదు.

ఇప్పుడు మా వ్యాపారంలో ఒక పద్ధతి చెప్పాలి, లేకపోతే తర్వాతది మీకు అర్థం కాదు. ఏడాదికి రెండుసార్లు నేనూ బాపూ సరుకు కోసం సూరత్ వెళ్తాం. అక్కడి సేట్లు ముందు కూర్చోబెట్టి చాయ్, కచోరీ పెడతారు. ఆ తర్వాత సాంపిళ్లు తీస్తారు. జానెడు జానెడు ముక్కలు, ఒకదాని తర్వాత ఒకటి. బాపు ఒక్కో ముక్కను రెండు వేళ్లతో ముట్టుకుని, పక్కకు జరిపి, "చూద్దాం. ఇంకోటి చూపియ్యి" అంటాడు. అన్నీ చూశాక, భావు తెగాక, అంటే ధర కుదిరాక, అప్పుడు నచ్చినవి కట్టలకు కట్టలు కట్టిస్తాడు. భావు తెగకముందు నచ్చిందని తెలిస్తే ఎదుటివాడు బిగుసుకుంటాడని ఆయన నమ్మకం. అందుకని "బాగున్నది" అన్న మాట బాపు నోట ఎవరైనా విన్నట్టు మా బజారులో దాఖలా లేదు. నిజంగా నచ్చితే మాత్రం ఆయన కుడి కనుబొమ్మ ఒక నూలుపోగంత పైకి లేస్తుంది. ఆ గుట్టు నాకొక్కడికే తెలుసు.

భోజనానికి మా దుకాణం సెలవు రోజు మధ్యాహ్నం ముహూర్తం కుదిరింది. బాపు, అమ్మ, నేను. ఫ్రెంచ్ వాళ్లు ఎట్లా తింటారో తెలుసుకోవాలని రెండు రోజులు ఫోన్లో వీడియోలు చూశాను. దుకాణంలో గిరాకీ ఉంటుంది కాబట్టి చప్పుడు కట్టేసి, బొమ్మ మాత్రమే చూశాను. పెద్ద పెద్ద పళ్లాలు, వాటి నడుమ గోరంత తిండి. ఒకటి తీసేస్తే ఇంకొకటి వస్తుంది. తినేవాళ్లు కొంచెం నోట్లో పెట్టుకుని, ఆగి, ఒకరి మొహాలు ఒకరు చూసుకుని ఏదో మాట్లాడుకుంటున్నారు. ఏం మాట్లాడుకుంటున్నారో నాకు తెలియదు. సగం తెలిసింది కదా, మిగతా సగం అవసరానికి అదే వస్తుందని ధైర్యంగా ఉన్నాను.

ఇంట్లో ఉప్మాతో అభ్యాసం కూడా చేయించాను. బాపు ముళ్ల చెంచాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది రా ఇది, ఉప్మా తినాల్నా, పొడువాల్నా?"

"ఎడమ చేతిల పట్టుకోవాలె బాపు."

"ఎడమ చేత్తోని తింటే మీ తాత స్వర్గంలకెల్లి దిగొచ్చి వీపు పలగ్గొడ్తడు" అని బాపు చెంచా అవతల పెట్టి చేత్తో తినేశాడు.

ఆరోజు అమ్మ పట్టుచీర కట్టుకుంది. ఆటో ఎక్కాం. ఎక్కడికని డ్రైవరు అడిగితే ఫ్రాన్సీసీ హోటల్ అన్నాను. "అచ్ఛా, అదా సాబ్? మస్తుంటది. జర్ర జర్ర పెడ్తరు గని, చివరకు కడుపు నిండుతది" అన్నాడతను. చూశారా, ఆటో డ్రైవరుకు కూడా తెలుసు. ఆ ఒక్క మాట నా బుర్రకెక్కి ఉంటే ఈ కథే లేదు. కానీ నేనప్పుడు బాపుకు రుమాలు ఒడిలో ఎందుకు పరుచుకోవాలో చెప్పడంలో మునిగి ఉన్నాను.

లోపల శుభ్రంగా, చల్లగా ఉంది. గోడమీద నల్లబల్ల, దానిమీద సుద్దముక్కతో ఆనాటి వంటల పేర్లు మూడు లిపుల్లో. మాకోసం మధ్యలో ఉన్న బల్ల మీద తెల్లగుడ్డ పరిచారు. ఇర్ఫాన్ చెల్లెలు నాజ్నీన్, డిగ్రీ చదువుతోంది, సెలవుల్లో అన్నకు సాయం చేస్తుంది, ఆదాబ్ చెప్పి కూర్చోబెట్టింది. ఇర్ఫాన్ వంటింటి తెర పక్కకు తీసి ఒకసారి తల బయటపెట్టి, బాపును చూసి, మళ్లీ లోపలికి లాగేసుకున్నాడు. పరీక్ష ఫలితాలు చూడటానికి వచ్చిన పిల్లాడిలా ఉన్నాడు.

ముందుగా బుట్టలో రొట్టె ముక్కలు, గిన్నెలో వెన్న వచ్చాయి. అప్పుడే పొయ్యిలోంచి తీసినట్టున్నాయి, పొగలు వస్తున్నాయి. అమ్మ చేయి చాపింది.

"అమ్మా, ఆగు."

"ఎందుకు రా?"

"రొట్టె ముట్టకు. సూరత్‌ల సేట్లు సాంపిల్ తీసే ముందు కచోరీ తినిపియ్యరా? గదే ఇది. రొట్టెతోని కడుపు నింపితే అసలు సరుకు చూసే ఓపిక ఉండదు మనకు."

బాపు నా వైపు చూశాడు. తన కొడుకు తెలివైనవాడేమోనన్న అనుమానం ఆయన మొహంలో మొదటిసారి కనిపించింది. "అవును రా" అని బుట్టను రెండు వేళ్లతో పక్కకు జరిపాడు.

అమ్మ దాన్ని మళ్లీ తన వైపు లాక్కుంది. "మీకు తెలివున్నది, మీరు ఉపాసముండున్రి. నాకు ఆకలైతున్నది."

తర్వాత ఉల్లిగడ్డ సూప్ వచ్చింది. గిన్నె గుప్పెడంత ఉంది. ముదురు గోధుమరంగు రసం, దానిమీద తేలుతున్న ఒక రొట్టె ముక్క, రొట్టె మీద కరిగిన చీజ్.

"గింతేనా?" అన్నాడు బాపు.

ఇదిగో, ఇక్కడే. సరిగ్గా ఈ చోటే నా బుర్రలో మిగతా సగం వచ్చి కూర్చుంది. పెద్ద పళ్లెం, గోరంత సరుకు, ఒకదాని తర్వాత ఒకటి, నోట్లో పెట్టుకుని ఆలోచించడం, మొహాలు చూసుకుని మాట్లాడుకోవడం. ఇదంతా నేను ఎక్కడ చూశాను? సూరత్‌లో చూశాను.

"బాపు, ఇవి సాంపిళ్లు."

"ఏంది?"

"సాంపిళ్లు బాపు. ముందుగాల అన్నీ ఒక్కొక్కటి రుచి చూపిస్తరు. మనకు ఏది పసందైందో గుర్తువెట్టుకోవాలె. అన్నీ అయినంక చెప్తే అప్పుడు తెస్తరు అసలు ఖానా, నిండ. ఫోన్ల చూసిన."

చూసిన మాట నిజం. చూసినదాంట్లో ఈ ముక్క లేదు, అంతే తేడా.

బాపు మొహం వెలిగిపోయింది. "అంటే ఫ్రాన్సోళ్లు గూడ మన లెక్కనే యాపారం చేస్తరన్నమాట."

"మనకన్న పద్ధతిగ చేస్తరు."

బాపు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. ఇక ఆయనకు భయం లేదు, ఇది తెలిసిన ఆటే. స్పూనుతో కొద్దిగా తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నేను ఊపిరి బిగబట్టి కుడి కనుబొమ్మ వైపు చూశాను. లేచింది. నూలుపోగంత కాదు, తాడంత లేచింది. కానీ ఆయన గిన్నెను రెండు వేళ్లతో పక్కకు జరిపి, "చూద్దాం. ఇంకోటి చూపియ్యమను" అన్నాడు. నేనూ ఒక్క స్పూను తాగి, ఇంకా కావాలంటున్న నోటిని మూసుకుని, గిన్నె జరిపాను. ఫోన్లో 'సూప్, మూడు పెద్ద గిన్నెలు' అని రాసుకున్నాను.

నాజ్నీన్ వచ్చి గిన్నెలు చూసింది. "అయిపోయిందా చాచా?"

"ఆఁ, అయింది బేటా."

అప్పుడు నా జబ్బు తిరగబెట్టింది. "నాజ్నీన్, ఈ ఉల్లిగడ్డ ఇంత నల్లగ ఎట్లయింది? మాడిందా?" అని అడిగాను. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను. ఉల్లిగడ్డను గంటలకొద్దీ సన్నటి సెగ మీద వేయిస్తే ఆ రంగు, ఆ తీపి వస్తాయని తర్వాత తెలిసింది. ఆ పిల్ల మా రెండు గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. నా ప్రశ్న కూడా ఆమె వెంట లోపలికి వెళ్లిందని నాకు తట్టలేదు.

అమ్మ గిన్నె మాత్రం అడుగు కనిపిస్తోంది. రొట్టెతో తుడిచి మరీ తిన్నది.

"అమ్మా, సాంపిల్ మొత్తం తింటే ఎట్ల? తిండికి గతిలేనోళ్లం అనుకుంటరు."

"పెట్టినదాన్ని ఒక్క స్పూను తిని ఎనక్కి పంపితే ఏమనుకుంటరో అది ఆలోచించు."

"నీకు యాపారం తెల్వదు అమ్మా."

"నాకు ఆకలి తెలుసు" అంది అమ్మ.

తర్వాత బీట్‌రూట్, అక్రోటు పప్పు కలిపిన సలాడ్. బాపు ఒక ముక్క నోట్లో పెట్టుకుని జరిపేశాడు. కనుబొమ్మ కదల్లేదు. నేను ఫోన్లో 'సలాడ్ వద్దు' అని రాశాను. ఆ తర్వాత ఆలుగడ్డ. కాగితమంత పల్చగా కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, మీగడలో ఉడికించి, పైన ఎర్రగా కాల్చిన చదరపు ముక్క. బాపు తిన్నాడు. ఈసారి రెండు కనుబొమ్మలూ లేచాయి. నేను ముప్పై ఏళ్లుగా ఆ మొహాన్ని చూస్తున్నాను, ఎడమ కనుబొమ్మకు కూడా కదిలే శక్తి ఉందని ఆరోజే తెలిసింది. ఆయన చేయి మళ్లీ పళ్లెం వైపు వెళ్లింది.

"బాపు, ఒక్కసారే."

"ఉప్పు సరిగ్గ తాకిందా లేదా అని చూస్తున్న రా."

"మొదటిసారి తాకలేదా?"

"అటు పక్క తాకింది. ఇటు పక్క చూడాలె గద."

మూడోసారి చేయి వెళ్తే నేనే పళ్లెం జరిపేశాను. నా కడుపులో ఏదో దూలం విరిగిన చప్పుడైంది. అవతలి బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా ఒకాయన తల తిప్పి చూశాడు.

వంకాయ, టమాట, గుమ్మడి జాతిదేదో కాయ చక్రాల్లా కోసి గుండ్రంగా పేర్చి వండిన కూర వచ్చినప్పుడు నాజ్నీన్ అక్కడే నిలబడి, కొంచెం తడబడుతూ అంది. "చాచా, మీరు ముక్క ముట్టరని భయ్యా మీకోసం అన్నీ కొత్త గిన్నెలు తెచ్చిండు. వేరే పొయ్యి మీద వండిండు. గుడ్డు గూడ తాకలే. మీకు దిల్‌ల ఏం అనుమానం లేకుంట తినున్రి."

అంటే ఆ పిల్ల, మేము ఒక్కో స్పూనుతో ఎందుకు ఆపేస్తున్నామో తనకు తోచిన కారణం వెతుక్కుంది. మేము అనుమానపడుతున్నామని అనుకుంది. ఇప్పుడు తలచుకుంటే నాకు సిగ్గేస్తుంది. అప్పుడు నేను ఏం చేశానంటే, గొప్పగా తలూపి, "ఫికర్ లేదు, మేం అన్నీ చూస్తున్నం" అన్నాను. బాపు కూడా లోలోపల కదిలిపోయాడని నాకు తెలుసు, ఎందుకంటే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కానీ పద్ధతి పద్ధతే. ఒక స్పూను తిని, రెండు వేళ్లతో జరిపాడు.

చివరికి ఆపిల్ టార్టు వచ్చింది. కరకరలాడే అడుగు మీద బెల్లంపాకంలా మెరిసే ఆపిల్ ముక్కలు.

"మిఠాయి వచ్చిందంటే భోజనం అయిపోయినట్టు రా" అంది అమ్మ.

"మిఠాయి సాంపిల్ గూడ చూపిస్తరు అమ్మా. అన్నీ చూపియ్యాలె గద."

అమ్మ నా వైపు జాలిగా చూసి తన టార్టు తినేసింది. తర్వాత బాపు పళ్లెంలో మిగిలింది కూడా తన వైపు జరుపుకుంది. బాపు ఆ టార్టు వెళ్లిపోవడాన్ని ప్లాట్‌ఫారం మీద నిలబడి రైలును చూసినట్టు చూశాడు.

పళ్లాలు తీసేశారు. ఎవరూ రావడం లేదు. వంటింట్లో ఏం జరుగుతోందో తెలుసుకోకపోతే నేను నేను కాదు కదా, లేచి వెళ్లి తెర సందులోంచి చూశాను. ఇర్ఫాన్ పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. సూప్ ఉన్న గిన్నెలోంచి ఒక స్పూను తీసి తాగాడు. కళ్లు మూసుకుని ఆలోచించాడు. ఆలుగడ్డ ముక్క ఒకటి నోట్లో పెట్టుకున్నాడు. చెల్లెలి వైపు తిరిగి, "నమక్ జ్యాదా హువా క్యా?" అని, ఉప్పు ఎక్కువైందేమోనని మెల్లగా అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. మళ్లీ సూప్ తాగాడు.

చూశారా? ఒక మనిషి తను వండిన వంటలో తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కుంటున్నాడు. ఆ మొహం చూసి రాయి కూడా కరుగుతుంది. నేను కరగలేదు. బల్ల దగ్గరికి ఉత్సాహంగా తిరిగొచ్చి, "అసలు ఖానాకు అన్నీ సరిచూస్తున్నడు బాపు. ఇగ వచ్చేస్తది" అన్నాను. బాపు రుమాలు మళ్లీ ఒడిలో పరుచుకున్నాడు.

ఇర్ఫాన్ తనే బయటికొచ్చాడు. చేతిలో పళ్లెం, పళ్లెంలో మూడు చిన్న కాఫీ కప్పులు. బల్ల మీద పెట్టి, నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"చాచా, ఒక మాట. మీ మేడ కోసం నేను అడిగిన సంగతి మర్చిపోన్రి. దోస్తు అని మొహమాటపడకున్రి. నచ్చని ఖానా రోజూ మీ నెత్తిమీద పెట్టుకొని ఎట్ల ఉంటరు?"

నాకు అర్థం కాలేదు. "నచ్చలేదని ఎవరన్నరు?"

"అనాల్నా భాయ్? ప్లేట్లు చెప్తలేవా? ఒక్కొక్కటి ఒక్క స్పూను తిని పంపిన్రు. రొట్టె ముట్టలే. సూప్ మాడిందా అని అడిగినవంట. చాచీ ఒక్కరే నా దిల్ నొవ్వొద్దని మొత్తం తిన్నరు."

"దిల్ కోసం కాదు బేటా, ఆకలై తిన్న" అంది అమ్మ.

"అరే యార్, సాంపిల్ మొత్తం ఎవరన్న తింటరా?" అని నేను నవ్వుతూ ఫోన్ తీశాను. "ఇగ తే అసలు ఖానా. రాసిపెట్టుకున్న చూడు. సూప్ మూడు పెద్ద గిన్నెలు. ఆలుగడ్డది ఒక తాంబాళం. వంకాయది బాపుకు రెండు, నాకు రెండు. సలాడ్ వద్దు, ఏం అనుకోకు."

ఇర్ఫాన్ వంగి ఫోన్లో ఉన్నది చదివాడు. "అసలు ఖానా ఏంది?"

"అసలు ఖానా."

"భాయ్, నువ్వు తిన్నదే ఖానా."

"మరి సాంపిల్?"

"ఏం సాంపిల్?"

బాపు మెల్లగా నా వైపు తిరిగాడు.

"ఫోన్ల చూసిన అన్నవు."

"చూసిన బాపు."

"ఏం చూసినవు?"

"తినేటోళ్లను చూసిన."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాజ్నీన్ తెర వెనక్కి వెళ్లిపోయింది, కానీ తెర ఊగడం ఆగలేదు. ఇర్ఫాన్‌కు సూరత్ సంగతి, రెండు వేళ్ల సంగతి, కచోరీ సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది. నా జీవితంలో నాకు పూర్తిగా తెలిసిన విషయాన్ని వివరించిన సందర్భం అదొక్కటే, దాన్ని నత్తి నత్తిగా చెప్పాను.

అంతా విని ఇర్ఫాన్ నవ్వలేదు. బాపు వైపే చూస్తున్నాడు. "అయితే చాచా, నచ్చిందా, నచ్చలేదా?"

బాపు ఇరుక్కుపోయాడు. మీరు ఆయన స్థితి ఆలోచించండి. మేడ కిరాయ ఇంకా మాట్లాడుకోలేదు. భావు తెగకముందు నచ్చిందని చెప్పడమంటే ఆయన దృష్టిలో చేతులు కట్టేసుకుని బేరానికి కూర్చోవడమే. చెప్పకపోతే ఈ అబ్బాయి రేపు సామాను సర్దుకుంటాడు. కాఫీ కప్పును రెండు వేళ్లతో జరపబోయి, తన వేళ్లను తానే చూసుకుని, చేయి వెనక్కి తీసుకున్నాడు.

"ఆ ఉల్లిగడ్డ సూప్ ఇంకా ఉన్నదా?"

"డెగ్చిల ఉన్నది చాచా."

"పెద్ద గిన్నెల తే. రొట్టె గూడ తే."

వచ్చింది. బాపు స్పూను తీసుకుని తాగాడు. ఆగకుండా తాగాడు. రొట్టె ముంచుకుని తిన్నాడు. రొట్టెతో గిన్నె అంచులు తుడిచాడు. గిన్నెలో తన మొహం కనిపించేదాకా తుడిచాడు. అందరం నిలబడి చూస్తున్నాం. ఆయన కుడి కనుబొమ్మ నుదుటి మీద ఎక్కడో ఉంది. కానీ ఇర్ఫాన్‌కు కనుబొమ్మల భాష రాదు కదా, వాడు గుడ్డ నలుపుతూ నిలబడే ఉన్నాడు.

"బాగున్నది" అన్నాడు బాపు.

నేను కుర్చీ పట్టుకున్నాను.

"బాగున్నది బేటా. ఆలుగడ్డది ఇంకా బాగున్నది. పావురాలను ఎల్లగొట్టనీకి రెండు రోజులు పడ్తది. అటెన్క వచ్చి సామాను దించుకో."

ఇర్ఫాన్ పక్క కుర్చీలో కూలబడి గుడ్డతో మొహం కప్పుకున్నాడు. నా సగం తెలివికి వాడి పొయ్యి ఆరిపోయేది. అప్పుడు అమ్మ అందుకుంది.

"ముప్పై నాలుగేండ్ల సంది వండిపెడ్తున్న. పొద్దుగాల, పగటీలి, రాత్రి. గీ మాట నేను ఒక్కనాడు ఇనలే. నా బేరం ఇంకా తెగలేదా?"

బాపు గిన్నెలోకి చూశాడు. అందులో దాక్కోవడానికి చోటు లేదు, తుడిచి పెట్టింది ఆయనే.

"నీది గూడ బాగుంటది" అన్నాడు గొణుగుతూ.

"ఏంది? ఇనవడలే."

"బాగుంటది అన్న గద."

"రొట్టె మింగి చెప్పున్రి."

బాపు రొట్టె మింగి, నీళ్లు తాగి, ఇర్ఫాన్ ముందు, నాజ్నీన్ ముందు, ఆ గుమాస్తా ముందు చెప్పాడు. అమ్మ తలాడించి, చెంగు సర్దుకుని, తన కాఫీ తాగింది. ఆ తర్వాత మేము తాంబాళం నిండా ఆలుగడ్డ తిన్నాం. కిరాయ మాట వచ్చినప్పుడు బాపు ఒక్క ముక్క బేరం ఆడలేదు. ఆడటానికి మొహం చెల్లాలి కదా.

ఇప్పుడు ఇర్ఫాన్ హోటల్ మా దుకాణం మీదే ఉంది. పత్తర్‌గట్టిలో బట్టల కోసం వచ్చినవాళ్లు మెట్లెక్కి తిని వెళ్తారు. గోడమీద నల్లబల్ల పైన వాడు మూడు లిపుల్లో పెద్ద అక్షరాలతో రాయించాడు: 'ఇవి సాంపిళ్లు కావు. ఇదే ఖానా. రొట్టె కూడా తినండి.' కొత్తగా వచ్చినవాళ్లు అది చదివి, ఇంత తెలివితక్కువవాళ్లు కూడా ఉంటారా అని నవ్వుకుంటారు. నేను కూడా వాళ్లతో కలిసి నవ్వుతాను. ఎవరో ఏమిటో నాకేం తెలుసు?

అందుచేత పావురాల సాక్షిగా, ఆ నల్లబల్ల సాక్షిగా నేను ప్రమాణం చేసేది ఏమిటంటే: ఇకమీదట నా ముందు పెట్టిన పళ్లెం గోరంతదైనా గోడంతదైనా అడుగు కనిపించేదాకా తింటాను. వీడియో చూస్తే చప్పుడు పెట్టి చూస్తాను. సగం తెలిసిన సంగతి సగం దగ్గరే ఆపుతాను, మిగతా సగం అమ్మను అడుగుతాను. ఈ ప్రమాణాన్ని ఒక కాగితం మీద శుభ్రంగా రాసి, కింద సంతకం పెట్టి, దుకాణంలో గద్దె మీద కూర్చున్న బాపు చేతికిచ్చాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. రెండు వేళ్లతో పక్కకు జరిపి, "చూద్దాం" అన్నాడు.

కుడి కనుబొమ్మ మాత్రం లేచింది.